పటేలింటి కత్తెర

ఇంటర్ మొదటి సంవత్సరంలో దసరా సెలవులకు ఊరికి వెళ్లిన సందీప్, తిరిగి తాండూరు హాస్టలుకు వచ్చేటప్పుడు బట్టల మధ్యలో వాళ్ల నాన్న ట్రిమ్మరు కూడా పెట్టుకుని వచ్చాడు. అడిగి తెచ్చుకోలేదు. ఇంట్లో వాళ్ల నాన్న ప్రేమ్‌సాగర్ దాన్ని గూట్లో వెతికాడు, మంచం కింద వెతికాడు, మాసిన గడ్డంతోనే కొడంగల్‌లో తన ఎరువుల దుకాణానికి వెళ్లి కూర్చున్నాడు, చివరికి ఎలుక ఎత్తుకుపోయిందని తేల్చాడు. ఆ ఎలుక అప్పటికి తాండూరు హాస్టల్లో, రెండో అంతస్తు బాత్రూముల పక్కన, క్లాసుమేటు పాండు తల వంచి పట్టుకుని ఉంది.

"చెవు కొయ్యకురా," అన్నాడు పాండు.

"ఇంకోటి ఉన్నది గద," అన్నాడు సందీప్.

అతను ఈ పనికి దిగింది కళ మీద ప్రేమతో కాదు, భీమయ్య మీద కోపంతో. భీమయ్యకు తాండూరు బస్టాండు దగ్గర కటింగ్ షాపు ఉంది. నెలకొక ఆదివారం సంచి చంకన పెట్టుకుని హాస్టలుకు వస్తాడు. పట్టుకుంటే వేళ్లకు వెంట్రుక దొరకకూడదన్నది వార్డెన్ పెట్టిన రూలు. భీమయ్య ఆ రూలును వార్డెన్ కంటే గట్టిగా నమ్మినవాడు. గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటే చాలు, ఒకడి తర్వాత ఒకడు వెళ్లి కూర్చోవడం, లేచి రావడం. గొర్రెకు బొచ్చు కత్తిరించేటప్పుడైనా దాన్ని ఒకసారి అటు తిప్పి ఇటు తిప్పి చూస్తారు. భీమయ్య అదీ చూడడు. సాయంత్రానికి హాస్టలంతా అప్పుడే జైలునుంచి విడుదలైనట్టు తయారవుతుంది. సోమవారం పొద్దున కాలేజీలో అమ్మాయిలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వుతారు.

ఆ నవ్వు భరించలేక పాండు ఏడుపు ముఖం పెడితే, సందీప్ వాడి చెవుల పైన కాస్త సర్దాడు. వెనక కాస్త దించాడు. మరునాడు ఎవరూ నవ్వలేదు. అంతే, ఆ వారంలోనే బాత్రూముల దగ్గర వరుస మొదలైంది.

సందీప్ చదువు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గురుత్వాకర్షణ గురించి రెండేళ్లు ఎంపీసీ చదివి అతనికి బోధపడిందల్లా వెంట్రుక కిందికే పడుతుందని. క్లాసులో ముందు బెంచీ వాడి తల వైపు చూస్తూ కూర్చునేవాడు. ఎవడి సుడి ఎక్కడుందో, ఎవడి జుట్టు ఎటు వాలుతుందో చెప్పమంటే నిద్రలో చెప్పేవాడు. పాండుకు రెండు సుడులు. రెండు సుడులున్నవాడికి రెండు పెళ్లిళ్లంటారు. పాండు ఆ మాట గట్టిగా నమ్మి, క్లాసులో ఇద్దరమ్మాయిల్ని ఒకేసారి ప్రేమించాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే ప్రమాదం మాత్రం లేదు. వాడు ఇద్దరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు.

రెండో సంవత్సరం ఫిబ్రవరిలో ఫేర్‌వెల్ పార్టీ పెట్టారు. ప్రిన్సిపాల్ అరుణాదేవి గారు ఒక ఏర్పాటు చేశారు. సీనియర్లందరూ ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి తమ ఆశయం ఏమిటో చెప్పాలి. తల్లిదండ్రులు కింద కూర్చుని వినాలి. ఏం చెప్పాలో కూడా ఆమే ముందుగా చెప్పి ఉంచారు. డాక్టరు, ఇంజినీరు, కలెక్టరు, సైంటిస్టు. ఈ నాలుగింట్లో ఏదైనా ఎంచుకునే స్వేచ్ఛ పిల్లలకు పూర్తిగా ఉంది.

ఫేర్‌వెల్‌కు అందరికీ కటింగ్ కావాల్సి వచ్చింది. పగలంతా రిహార్సల్లో స్టేజీ మీద ఆశయాలు వల్లె వేసినవాళ్లు, సాయంత్రం సందీప్ ముందు తల వంచి కూర్చుని అసలు సంగతి చెప్పుకునేవాళ్లు. కలెక్టరు అవుతానన్నవాడు వాళ్ల మామ దగ్గరున్న జేసీబీ నడపాలనుకుంటున్నాడు. "లోపల ఏసీ ఉంటది. ఎదురుంగ ఎవడొచ్చినా ఆడే జరుగుతడు," అన్నాడు. సైంటిస్టుకు అనంతగిరి గుట్ట మీద మిర్చిబజ్జీల బండి పెట్టాలని ఉంది. "ఆదివారం హైదరాబాదోళ్లు దిగుతరు గద. వాళ్లు వేడిగుంటే రాయి గూడ తింటరు," అన్నాడు. డాక్టరు కావాల్సినవాడికి చెవి పక్కన కాస్త గీసుకుంది. అద్దంలో తన రక్తపు చుక్క తనే చూసుకుని బకెట్ మీద పడిపోయాడు. వాడికి నీళ్లు చల్లి లేపి మిగతా సగం కత్తిరించారు.

పాండు ఒక్కడే లోపలా బయటా ఒకే మాట మీద ఉన్నాడు. ఎస్‌ఐ అవుతాడట.

"ఎందుకురా?" అన్నాడు సందీప్.

"మా కాక ఎవ్వలొచ్చినా కుర్చీల కెళ్లి లేవడు. సర్పంచొచ్చినా లేవడు. ఒకరోజు ఎస్‌ఐ వస్తే లేసిండు. నేను చూసిన."

"మీ కాకను లేపనీకి ఎస్‌ఐ అయితవా?"

"మరి ఊకెనే లేస్తడా?"

అందరూ అయిపోయాక గణేశ్ వచ్చాడు. గణేశ్ భీమయ్య కొడుకు. బైపీసీలో ఫస్టు. ఇంటి నుంచే కాలేజీకి వస్తాడు గనక హాస్టలు మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. వచ్చి, సందీప్‌ను గదిలోకి తీసుకెళ్లి తలుపు మూసి, కుర్చీలో కూర్చున్నాడు.

"మా నాయినకు చెప్పకు," అన్నాడు.

"మీ ఇంట్లనే షాపు వెట్టుకోని నా దగ్గర్కొచ్చినవా?"

"మా నాయిన కత్తెరకు దొరికితే స్టేజి మీద డాక్టర్ అని చెప్పినా ఎవడు నమ్మడు. దొంగతనం చేసి దొరికిండు అనుకుంటరు."

సందీప్ నవ్వి నీళ్లు చల్లాడు. తర్వాత గణేశ్ అడిగాడు, "నువ్వేం చెప్తవు?"

"ఇంజినీర్."

"నిజం చెప్పు."

సందీప్ ముందు చెవి చుట్టూ ట్రిమ్మరు తిప్పాడు. అది పూర్తిచేసి అన్నాడు, "గిదే చేస్త."

గణేశ్ గిరుక్కున తల తిప్పాడు. ట్రిమ్మరు జారి మెడ మీద వేలెడంత వెడల్పున తెల్లని దారి పడింది. దాన్ని కప్పడానికి సందీప్ తర్వాత చాలా తంటాలు పడ్డాడు.

"పిచ్చి లేసిందారా నీకు? మేం గీ పని కెళ్లి బయటవడనీకి సస్తున్నం. నువ్వు ఉరికొచ్చి పడ్తనంటవా?"

"నాకు చేతనైంది గిదొక్కటే."

"మా నాయినకు గూడ గిదొక్కటే చేతనైంది. ఏమొరిగింది?"

"మీ నాయినకు గిది గూడ చేతగాదు గద," అన్నాడు సందీప్.

గణేశ్ కోపంగానే ఉండాలని చూశాడు. కానీ నవ్వు ఆగలేదు.

ఫేర్‌వెల్ రోజు ప్రేమ్‌సాగర్ తెల్లచొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. భీమయ్య వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు, కుర్చీలు ఖాళీ ఉన్నా. కలెక్టర్లు, సైంటిస్టులు ఒక్కొక్కరే వచ్చి వెళ్తున్నారు. ప్రతి మాటకూ చప్పట్లే. సందీప్ వంతు వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు బట్టీపట్టి ఉన్నాడు. మైకు ముందు నిలబడి కిందికి చూశాడు. అబ్బాయిల తలలన్నీ వరసగా కనిపించాయి. అన్నీ తను కత్తిరించినవే. లైట్ల కింద ఒక్కొక్కటీ చెక్కినట్టు ఉంది. ఎక్కడా ఒక వంకర లేదు. ఆ చూపులో బట్టీపట్టిన ఇంగ్లీషు ఎటు పోయిందో పోయింది.

"కటింగ్ షాపు పెడ్త మేడమ్," అన్నాడు.

హాల్లో ఈలలు మొదలయ్యాయి. పాండు కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. అరుణాదేవి గారు మైకు అందుకుని పరిస్థితిని కాపాడబోయారు. "అంటే, బ్యూటీ ఇండస్ట్రీలో ఎంట్రప్రెన్యూర్ కావాలన్నది సందీప్ కోరిక."

"కాదు మేడమ్. కటింగ్ షాపు."

ఆమె మైకు ఆపేశారు. ముందు వరసలో ప్రేమ్‌సాగర్ చేయి దానంతట అదే గడ్డం మీదికి వెళ్లింది. ఎలుక ఎవరో ఆయనకు అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం ఊళ్లో పంచాయితీ పెట్టారు. ఊరి పంచాయితీ కాదు, ఇంట్లోనే. తాత వెంకటయ్య మంచం మీద కూర్చున్నాడు. ఆయన మీసం ఆ చుట్టుపక్కల ఊళ్లలో కూడా పేరున్న మీసం. నాయనమ్మ రామమ్మ చాటలో కందిపప్పు వేసుకుని రాళ్లు ఏరుతోంది. అక్క దీక్షిత అత్తగారింటి నుంచి ఈ పని మీదే వచ్చింది. వాళ్లమ్మ ఏడవడానికి సిద్ధంగానే ఉంది గానీ, ఎవరి వైపు ఏడవాలో తేలక ఆగింది.

"ఇరవై ఎకరాల పటేలింట్ల పుట్టి, మంది నెత్తులు వట్టుకుంటవారా?" అన్నాడు వెంకటయ్య.

సందీప్ తల దించుకున్నాడు. రామమ్మ చాట మీద నుంచి తల ఎత్తకుండానే అంది, "నువ్వు రెండుమాట్ల సర్పంచికి నిలవడి మంది కాళ్లు వట్టుకున్నవు. వాడు నెత్తి వట్టుకుంటనంటుండు. నీకన్న మీదికే పోయిండు గద."

"నీకేం తెల్సు, నువ్వు ఊకో."

"రెండుమాట్ల ఓడిపోయిందైతే తెల్సు."

దీక్షిత నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లింది. ప్రేమ్‌సాగర్‌కు ఎవరి మీద అరవాలో తెలియక, ముందు పరీక్షలు రాయమన్నాడు, ఎంసెట్ కూడా రాయమన్నాడు, తర్వాత చూద్దామన్నాడు. సందీప్ రెండూ రాశాడు. ఇంటర్ ఎలాగో గట్టెక్కింది. ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజు దీక్షిత ఫోన్లో చూసి, "గిది హాల్ టికెట్ నంబర్ కాదారా?" అని అడిగింది. కాదు. ర్యాంకే. ఇక ఇంజినీరింగు గురించి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అలాగని కత్తెర గురించి కూడా ఎత్తలేదు.

జూన్‌లో ఒకరోజు సందీప్ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి తాండూరు వెళ్లి భీమయ్య షాపు ముందు దిగాడు. భీమయ్య ఎవరికో గడ్డం గీస్తున్నాడు. భీమయ్యది కూడా వీళ్ల ఊరే. వాళ్ల నాన్న ఆ ఊళ్లో ఇంటింటికీ తిరిగి పని చేసినవాడు. భీమయ్యే అది వదిలి తాండూరు వచ్చి షాపు పెట్టుకున్నాడు.

"ఏం చిన్న పటేలా, కటింగా?"

"కాదు కాక. పని నేర్పుతవా?"

భీమయ్య చేతిలో కత్తి ఆగింది. "మీ ఇంట్ల కెళ్లి మమ్ముల కాక అని పిలిచింది నువ్వే మొదలు," అన్నాడు. తర్వాత మళ్లీ గీయడం మొదలుపెట్టి, గీస్తూనే మాట్లాడాడు. "చెప్పుల షాపు మీ అసుంటోళ్లే వెట్టిన్రు. బట్టలుతికే మిషన్ల దుకాణం మీ అసుంటోళ్లే వెట్టిన్రు. ఊర్ల కల్లు పోయి మీ వైన్ షాపు వచ్చింది. ఇగ మిగిలింది గీ కత్తెర. గిది గూడ మీకే కావాల్నా?"

ఫేర్‌వెల్‌లో ఈల వేసినవాళ్లు గానీ, ఇంట్లో తిట్టినవాళ్లు గానీ ఈ మాట అనలేదు. అతను ఇన్నాళ్లూ తన ఇంటివాళ్లు ఒప్పుకుంటారా లేదా అనే ఆలోచించాడు. ఇవతల వైపు కూడా ఒకరు ఒప్పుకోవాలని తట్టనే లేదు. వెనక్కి వెళ్దామా అనుకున్నాడు.

"నాకు షాపొద్దు కాక," అన్నాడు చివరికి. "కుర్చీ పక్కకు నిలవడనియ్యి చాలు."

గడ్డం గీయించుకున్నాయన లేచి వెళ్లిపోయాడు. భీమయ్య గుడ్డ దులిపి, దాన్ని తన మెడకే చుట్టుకుని, ఆ కుర్చీలో తనే కూర్చున్నాడు.

"గియ్యి," అన్నాడు.

"ఏంది కాక?"

"గడ్డం. మా నాయిన మీ తాతకు వాకిట్ల గీసేటోడు. వాన వడ్డా, చలి వెట్టినా. మీ తాత కుర్చీల, మా నాయిన మోకాళ్ల మీద. గా కూసునుడు ఎట్లుంటదో జర నేను గూడ చూస్త."

షాపు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఎదురుగా బస్సులు ఆగుతున్నాయి. సందీప్ ఊరున్న బొంరాస్‌పేట వైపు పోయేవాళ్లు కొందరు దిగి, పటేల్ మనవడు భీమయ్య గడ్డానికి నురగ పూయడం చూసి, ఎక్కాల్సిన బస్సు ఎక్కకుండా నిలబడ్డారు. సందీప్ జీవితంలో ట్రిమ్మరు తప్ప కత్తి పట్టినవాడు కాదు. ఎడమ చెంప బాగానే వచ్చింది. కుడి చెంప కూడా వచ్చింది. చుబుకం దగ్గర తెగింది. భీమయ్య కళ్లు కూడా మూయలేదు. "పటిక," అన్నాడు. సందీప్ పటిక ముక్క తడిపి రాశాడు. అది మండి భీమయ్య పళ్లు బిగబట్టాడు.

అంతా అయ్యాక భీమయ్య అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు.

"ఎట్లుంది కాక?"

"కూసునుడు మస్తుగున్నది," అన్నాడు భీమయ్య. "గీసుడే మంచిగ లేదు."

గుడ్డ విప్పి సందీప్ చేతికిచ్చాడు. "రేపు పొద్దుగాల రా. ముందుగాల ఊడ్సుడు నేర్చుకో."

ఈ కబురు సందీప్ కంటే ముందు ఊరికి చేరింది. ప్రేమ్‌సాగర్ మరునాడు మోటారుసైకిలు మీద వచ్చి, షాపు ఎదుటి హోటల్లో కూర్చుని చాయ్ మీద చాయ్ తాగుతూ కొడుకు చీపురు పట్టి వెంట్రుకలు ఊడ్చడం చూశాడు. ఇంట్లో కింద పడ్డ కంచం తీయని పిల్లవాడు మూలమూలలా ఊడుస్తున్నాడు. ప్రేమ్‌సాగర్ లేచి వచ్చి డిగ్రీలో చేరితేనే ఇదంతా అన్నాడు. సందీప్ సరేనన్నాడు. అలా పగలు డిగ్రీ కాలేజీ, పొద్దునా సాయంత్రం షాపు. కొడంగల్‌లో ఎవరైనా అడిగితే ప్రేమ్‌సాగర్ "మావోడు హెయిర్ డిజైనింగ్ లైన్ల ఉన్నడు" అంటాడు. విన్నవాళ్లు అది హైదరాబాదులో ఉండే ఏదో కోర్సు అనుకుంటారు. ఆయనా అనుకోనిస్తాడు.

గణేశ్‌కు మొదటిసారి మెడికల్ సీటు రాలేదు. హైదరాబాదులో ఇంకో ఏడాది కోచింగ్‌కు వెళ్లాడు. వెళ్లేముందు షాపుకు వచ్చి, తన నాన్న పక్కన నిలబడి సందీప్ కత్తి నూరుతుంటే చాలాసేపు చూశాడు. "ఖుష్ ఉన్నవారా?" అని అడిగాడు. సందీప్ ఉన్నానన్నాడు. "నాకైతే ఇంక సమజైతలేదు," అని వెళ్లిపోయాడు. పాండు రోజూ పొద్దున రైల్వే గ్రౌండులో పరుగెత్తుతున్నాడు. వాళ్ల కాక ఇంకా లేవలేదు.

షాపులో రెండో కుర్చీ వచ్చింది. ముసలివాళ్లు భీమయ్య కుర్చీలో కూర్చుంటారు, కాలేజీ పిల్లలు సందీప్ కుర్చీ ఖాళీ అయ్యేదాకా బెంచీ మీద కాచుకుంటారు. అది భీమయ్యకు నచ్చదు. "గా పక్కలకు మొత్తం గీకి మీద బుట్ట వెడ్తవు. గది కటింగా, కోడిపుంజా?" అంటాడు. సందీప్ "నీ కటింగుకు పోలీసులు పట్టుకుంటరు కాక" అంటాడు. వాళ్లిద్దరి తగువు వినడానికే కొందరు గడ్డం పెరగకముందే వస్తున్నారు.

తాత వెంకటయ్య మాత్రం దిగిరాలేదు. మనవడు పట్టిన కత్తెర తన ఇంటి గడప దాటి లోపలికి రాకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

తరువాతి ఎండాకాలం, నెత్తి పగిలే ఎండలో, రామమ్మ బస్సు దిగి నేరుగా షాపుకు వచ్చింది. సందీప్ కంగారుగా లేచి కుర్చీ వేశాడు. ఆమె ఆ కుర్చీ పక్కకు నెట్టి, కటింగ్ కుర్చీ ఎక్కి కూర్చుంది.

"గీ కొప్పుతోని మెడంత ఉడికిపోతుంది. తీసెయ్యి."

"అమ్మా, గిది మగోళ్ల షాపు," అన్నాడు భీమయ్య.

"నెత్తికి మగ, ఆడ ఉంటదా భీమయ్యా?"

"తాత చంపుతడు నాయినమ్మా," అన్నాడు సందీప్.

"చంపనీకన్న మంచంల కెళ్లి లేస్తడేమో చూద్దాం. నువ్వు కానియ్యి."

సందీప్ ఆమె కొప్పు విప్పాడు. చిన్నప్పుడు ఆ జుట్టు పట్టుకుని లాగి దెబ్బలు తిన్నాడు గానీ, ఇంత మెత్తగా ఉంటుందని ఎప్పుడూ గమనించలేదు. నెమ్మదిగా, చెవుల కిందికి, మెడ కనపడేలా కత్తిరించాడు. తెల్లటి వెంట్రుకలు నేల మీద పడుతుంటే బెంచీ మీది పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి చూశారు. వెనక భాగం ఎలా గుండ్రంగా వచ్చిందో భీమయ్య దగ్గరికి వచ్చి చూసి, వెళ్లి తన కత్తెర తుడుచుకున్నాడు. రామమ్మ అద్దంలో తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, మెడ మీద చేయి పెట్టుకుని గాలి తగులుతోందా లేదా అని చూసుకుంది. కొంగు నెత్తి మీద వేసుకోకుండానే బస్సెక్కింది.

ఆమె వాకిట్లోకి వచ్చేసరికి వెంకటయ్య నిజంగానే మంచం మీది నుంచి లేచి నిలబడ్డాడు.

"ఏందే గిది?" అన్నాడు. "నేనింక బతికే ఉన్న గదనే."

"లేవని నేనేమన్న అన్ననా?" అని రామమ్మ చెంబు తీసుకుని కాళ్లు కడుక్కుంది.

ఎవరు కత్తిరించారో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. వెంకటయ్య మీసం దువ్వుకుంటూ ఆమె చుట్టూ ఒక చుట్టు తిరిగి, ముందు నుంచీ వెనక నుంచీ పట్టిపట్టి చూశాడు. తిట్టడానికి ఒక్క వంకరైనా దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు. దాంతో ఆయనకు కోపం ఇంకా ఎక్కువైంది.